మనది ఏ నది ఒడ్డు?

పోయిన నెల మా వీధి చివర కొత్తింట్లో గృహప్రవేశం, వెంటనే సత్యనారాయణ వ్రతం. పంతులుగారు సంకల్పం చెప్పిస్తున్నారు. జంబూద్వీపం దగ్గర మొదలుపెట్టి, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పి, కృష్ణా గోదావరుల మధ్యనున్న ఈ ప్రదేశంలో అనేసరికి మా చిన్నది నా కొంగు పట్టుకు లాగింది. "అమ్మా, రెంటి మధ్యా అంటే ఎలా? మనది ఏ నది?" అంది. "ముందు అక్షింతలు పట్టుకో, కథయ్యాక చెబుతా" అని తప్పించుకున్నాను. కథ అయింది, ప్రసాదం తిన్నాం, ఇంటికొచ్చాం. అది మాత్రం మర్చిపోలేదు. నాకేమో జవాబు తెలీదు!

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, పెళ్ళై పటాన్‌చెరు వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా నా దృష్టిలో ఊరంటే ముంబై రోడ్డు, బస్టాండు, షిఫ్టు సైరన్లు, సాయంత్రం కూరగాయల బండి. అంతే. సంగారెడ్డి ఆవిణ్ణి అడగండి, "మాది మంజీర" అని ఠక్కున చెబుతుంది. మనం? ఆ రాత్రి పిల్లదాని అట్లాసు ముందేసుకుని కూర్చున్నాను. తర్వాత లైబ్రరీకి కూడా వెళ్ళాను లెండి. ఇంట్లో వంట ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనలేదు, అదొక వింత.

మంజీర సంగతి ముందు చెబుతాను. మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటకలో బీదరు మీదుగా మన జిల్లాలోకొస్తుంది. అంతదూరం తూర్పు, దక్షిణాలకు నడిచిన నది సంగారెడ్డి ప్రాంతానికి వచ్చేసరికి, ఇల్లు గుర్తొచ్చినదానిలా ఉత్తరానికి తిరిగిపోతుంది. ఘనపురం ఆనకట్ట, ఏడుపాయల, నిజాంసాగర్ దాటి నిజామాబాదు జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్ల నడక.

మరి మన పటాన్‌చెరు? మన పక్కనుంచి పోయేది నక్కవాగు. పేరు విని నవ్వకండి. ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం వైపు పడ్డ వాన చిన్నచిన్న వాగులుగా వచ్చి దీంట్లోనే చేరుతుంది. నక్కవాగు ఉత్తరంగా పారి మంజీరలో కలుస్తుంది, మంజీర గోదావరిలో. అంటే మనది గోదావరి. అదే హైదరాబాదులో పడ్డ వాన మూసీలోకి పోయి, అక్కణ్ణుంచి కృష్ణలో కలుస్తుంది. నగరానికీ మనకూ నడుమ ఎక్కడో కంటికి ఆనని గట్టు ఒకటుందన్నమాట. దానికి అటు చినుకు కృష్ణకు, ఇటు చినుకు గోదావరికి. పంతులుగారు రోజూ చెప్పే మాటలో ఇంత భూగోళం ఉందని నాకేం తెలుసు!

ఇక ఊరి పుట్టుపూర్వోత్తరాలు. ఫ్యాక్టరీలు వచ్చాకే ఇది ఊరైందని నేననుకునేదాన్ని. కాదట. వెయ్యేళ్ళ కింద కల్యాణి చాళుక్యులు దీన్ని పొట్లకెరె అన్నారు. కన్నడంలో కెరె అంటే చెరువే. బీదరు దగ్గరి బసవకల్యాణం ఉంది చూడండి, అదే వాళ్ళ కల్యాణి. పదకొండో శతాబ్దంలో రెండవ జయసింహుడనే చాళుక్యరాజు ఈ పొట్లకెరెలో మకాం పెట్టి రాజ్యం చేశాడని శాసనాలు చూసినవాళ్ళు చెబుతారు. జైనులు కూడా ఎక్కువే ఉండేవారు. ఇక్కడ దొరికిన జైన శిల్పాలు హైదరాబాదు మ్యూజియంలో ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు గబగబా దాటిపోకుండా ఒక్క నిమిషం ఆగి, ఏ ఊరివో పలకమీద చదివించండి. చెరువు పేరుతో పుట్టిన ఊరు మనది. సాకి చెరువు ఇంకా ఉంది, చూశారుగా.

సంగారెడ్డికి ఆ పేరు రాణి శంకరమ్మ కొడుకు సంగారెడ్డి వల్ల వచ్చిందంటారు. అక్కడి పాత జైలు 1796 నాటిది. 2016లో దాన్ని మ్యూజియం చేసి, 500 రూపాయలు కడితే ఒక రోజు లోపల ఉండనిస్తామన్నారు. డబ్బు కట్టి గంజి తాగి రావడం మగవాళ్ళకు వింతేమో గానీ, నాకైతే ఒక రోజు ఇంకొకళ్ళు వండిపెట్టడమే పండగనిపించింది.

అసలు మలుపు 1960లలో వచ్చింది. రామచంద్రాపురంలో భెల్ వచ్చింది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. మన కంది, శనగ, జొన్న, సజ్జ, వేరుశనగల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ అది. (పక్కనే కంది అని ఊరు కూడా ఉంది, ఐఐటీ ఉన్నది అక్కడే. కాకతాళీయమే అనుకోండి.) 1970ల మధ్యనుంచి పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు మొదలయ్యాయి. మెదక్ వెనుకబడిన జిల్లా కాబట్టి ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టేవాళ్ళకు సబ్సిడీలిచ్చారు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలిచాక జోరు పెరిగిందని పెద్దవాళ్ళంటారు. ఎక్కువగా వచ్చినవి మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలు. దేశం నలుమూలలనుంచి జనం వచ్చారు. మనలో సగంమంది అలా వచ్చినవాళ్ళమే. ఆ ఫ్యాక్టరీలు మన ఇళ్ళల్లో పొయ్యి వెలిగించాయి, కాదనను. 2025 జూన్ 30న పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా పోయినప్పుడు, ఆ పొయ్యిలు ఎంత ఖరీదైనవో కూడా చూశాం. ఆ రోజు మా వీధిలో ఏ ఇంట్లోనూ అన్నం సరిగా దిగలేదు.

వాగు దగ్గరికొస్తాను. మా ఇంటికి పాలు పోసే అవ్వది వాగు దిగువనున్న ఊరు. అరవై దాటాయి. చెంబులో పాలు కొలుస్తూ ఉంటే అడిగాను, "అవ్వా, మీ చిన్నప్పుడు వాగు ఎట్లుండేది?" అని. చేతిలో గిద్దె అలాగే ఆగిపోయింది.

"ఎండకాలం వస్తే వాగుల చెలిమెలు తోడుకునేటోళ్ళం బిడ్డా. ఇసుకల నీళ్ళు అద్దం లెక్క ఉండేటియి. బట్టలు పిండుకునుడు అక్కడ్నే, బర్లను కడుగుడు అక్కడ్నే. బతుకమ్మను సుత వాగులనే ఏసేటోళ్ళం. నా పెండ్లయిన ఏడాది సద్దుల బతుకమ్మ అదే వాగుల ఏసిన. నా కోడలు అచ్చేటాళ్ళకు ఆ నీళ్ళల్ల పువ్వు ఏసెతందుకు మనసు రాకపాయె. గంగమ్మ తల్లికి కంపు నీళ్ళల్ల బతుకమ్మను ఇస్తమా చెప్పు?"

పోచారం, బాచుగూడెం, ఆరుట్ల, చిదురుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట. ఈ ఊళ్ళ ఆడవాళ్ళను ఎవరిని అడిగినా ఇదే కథ. ఫ్యాక్టరీల నీళ్ళు వాగులో కలిశాయి. నీళ్ళు రంగు మారాయి, బావులు చెడ్డాయి, వరిపొలాలు దెబ్బతిన్నాయి, పశువులు చచ్చాయి. 1986 నాటికే రైతులు రోడ్డెక్కారు. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావుగారు రోగుల వెనక నీళ్ళున్నాయని గుర్తుపట్టి దశాబ్దాలపాటు కొట్లాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. చెడిన ఊళ్ళకు మంచినీళ్ళు ఇవ్వాలనీ, పొలాలు పోయినవాళ్ళకు పరిహారం ఇవ్వాలనీ కోర్టు చెప్పింది. ఆ వ్యవహారం ఆ కోర్టు ఈ కోర్టు తిరిగి రెండు దశాబ్దాలకు పైగానే నడిచింది. కేసు మొదలైనప్పుడు ఉయ్యాల్లో ఉన్న పిల్లలకు అది తెమిలేలోపు పెళ్ళిళ్ళయ్యాయి!

1994లో ఫ్యాక్టరీల మురుగునంతా ఒకచోట చేర్చి శుద్ధిచేసే ప్లాంటు పెట్టారు. అంతటితో అయిపోలేదు. స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ ప్లాంటునుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి 2007లో లెక్క బయటపెట్టారు. సిప్రోఫ్లాక్సాసిన్ తెలుసుగా, జ్వరానికీ విరేచనాలకూ డాక్టర్లు రాసే మాత్ర. అది లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందట. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. ఒక్క రోజులో అలా కొట్టుకుపోయిన మందు స్వీడన్ దేశమంతా 5 రోజులు వాడేంత! ఇందులో మనకు సంబంధించిన ముక్క ఏమిటంటే, రోజూ మందులో మునిగే క్రిములు ఆ మందుకు అలవాటు పడతాయి. రేపు మన పిల్లలకు జ్వరమొస్తే ఆ మాత్రకు లొంగవు. అందుకని రెండు మాటలు. డాక్టరు 5 రోజులు వాడమంటే తగ్గిందని మూడోరోజు ఆపకండి. మిగిలిన మందుల్ని సింకులోనూ బాత్రూంలోనూ పారబోయకండి. ఫ్యాక్టరీవాళ్ళు చేసేదాని ముందు మనదెంత అంటారా? నేనూ అలాగే అన్నాను, మా పెద్దవాడు దెబ్బలాడాడు.

ఆ తర్వాత మురుగును వాగులో వదలకుండా దాదాపు 18 కిలోమీటర్ల పైపులైను వేసి, హైదరాబాదు డ్రైనేజీలో కలిపి అంబర్‌పేట ప్లాంటుకు పంపే ఏర్పాటు చేశారు. ఇక్కడ కాస్త ఆగండి. అంబర్‌పేట ఎక్కడుంది? మూసీ ఒడ్డున. అంటే గోదావరికి పోవలసిన మన మురుగు గట్టు దాటి కృష్ణవైపు వెళ్ళిందన్నమాట!

మంచినీళ్ళూ అంతే. సంగారెడ్డి దగ్గర కలబ్‌గూరు బ్యారేజి నుంచి 1965 మొదలు హైదరాబాదుకు మంజీర నీళ్ళు తోడుతున్నారు. 1990లలో సింగూరు నీళ్ళు కూడా తోడయ్యాయి. బ్యారేజి నక్కవాగు కలిసే చోటుకు ఎగువన ఉంది కాబట్టి నగరం బిందెలోకి మంచి మంజీరే వెళ్ళింది. వాగు తెచ్చిందంతా దిగువ ఊళ్ళకూ, శివరాత్రికి ఏడుపాయలలో మునిగే భక్తులకూ మిగిలింది. నగరంవాళ్ళు తాగి, వాడి వదిలిన మంజీర మూసీలోకి, కృష్ణలోకి. గోదావరి పిల్లను కృష్ణ ఇంటికి కోడలుగా పంపించాం, ఆ రెంటి మధ్యా కూర్చుని సంకల్పం చెప్పుకుంటున్నాం. 2015, 16 కరువులో సింగూరు, మంజీర ఎండిపోయి నగరానికి ఇక్కణ్ణుంచి నీళ్ళు ఆగిపోయాయి. 1978 నుంచి అభయారణ్యమైన మంజీర మడుగుల్లో మొసళ్ళు కూడా అల్లాడాయి.

మనలో చాలామంది బోరునీళ్ళతోనే కాపురం చేశాం. కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగా ఉంటోందని నాకు ఉత్తరాలు రాస్తుంటారు. తప్పు పప్పుది కాదు, నీళ్ళది. బోరునీళ్ళలో సున్నం ఎక్కువైతే పప్పు మెత్తబడదు. పప్పును గంటసేపు నానబెట్టండి, తాగే నీళ్ళతో ఉడికించండి, ఉప్పూ చింతపండూ ఉడికాకే వేయండి. గిన్నెకు పట్టిన తెల్లటి పొర నిమ్మరసంతో వదులుతుంది. ఇంకొకటి: నీళ్ళు మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఉప్పులూ రసాయనాలూ పోవు. మరిగేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. పటిక బురదను కిందికి దింపుతుంది, అంతవరకే. వాగు పక్క ఊళ్ళల్లో ఉన్నవాళ్ళు బోరునీళ్ళను కాచాం కదా అని పిల్లలకు పట్టకండి, ముందు పరీక్ష చేయించండి.

పారిస్ నగరం మధ్యనుంచి సెన్ అని ఒక నది పారుతుంది. అదీ నగరం మురుగుతో, ఫ్యాక్టరీలతో చెడిందే. 1923లో అందులో ఈత నిషేధించారు. 2024 ఒలింపిక్స్ కోసం 140 కోట్ల యూరోలు ఖర్చుపెట్టారు. ఇళ్ళ మురుగు నదిలో పడకుండా గొట్టాలు మార్చారు, వాననీళ్ళు డ్రైనేజీని ముంచి నదిలో పడకుండా భూమిలో పెద్ద తొట్టి కట్టారు. 2025 జూలైలో నూటరెండేళ్ళ తర్వాత మామూలు జనం మూడుచోట్ల దిగి ఈత కొట్టారు. ఆ సంగతి పాలవ్వకు చెప్పాను. "నూటరెండేండ్లా?" అని వేళ్ళు లెక్కపెట్టుకుంది. "నా మునిమనుమరాలు ఏస్తదేమో అయితే బతుకమ్మ" అని చెంబు సర్దుకుని వెళ్ళిపోయింది.

2007లో మన ఊరిని గ్రేటర్ హైదరాబాదులో కలిపారు, 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. పేర్లూ బోర్డులూ మారాయి గానీ వాగు వాటం మారలేదు. మా చిన్నది అట్లాసులో మంజీరకు నీలం పెన్సిలు దిద్ది, నక్కవాగు కనబడక తనే ఒక గీత గీసుకుంది.

మీ ఊరి పక్కన ఏ వాగుంది? అది ఎందులో కలుస్తుంది? మీ అత్తగారు బతుకమ్మను ఎక్కడ వేసేవారు? ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయండి. వచ్చేవారం బోరునీళ్ళలో కూడా మెత్తగా ఉడికే శనగల కూర చెబుతాను.