బొమ్మలో లేని గుట్ట

బాల్యస్మృతి చిత్రకళకు తరగని ముడిసరుకు. అయితే ఆ స్మృతి గీసేవారి సొంతమై ఉండాలి. ఇది ఎంత అరుదో తెలియాలంటే పాఠశాల విద్యార్థుల చిత్రలేఖన పుస్తకాలు తిరగవేస్తే చాలు. త్రిభుజాల వంటి రెండు కొండలు, నడుమ సూర్యుడు, కిందికి జారే ఏరు, ఒడ్డున పెంకుటిల్లు, పక్కన కొబ్బరిచెట్టు. సముద్రతీరపు బాలుడైనా, మెట్టప్రాంతపు బాలికైనా గీసేది తరచుగా ఇదే.

సికింద్రాబాదు సమీపాన ఉన్న మౌలాలిలో ఈ బొమ్మ మరింత వింతగా తోస్తుంది. అక్కడి పిల్లల కళ్లెదుట నిజమైన కొండే ఉంది. అది త్రిభుజం కాదు, బోర్లించిన కుండ వంటి రాతిగుట్ట. దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిల. శిఖరాన కుతుబ్‌షాహీల కాలం నుండి వస్తున్న దర్గా, పైకి సాగే మెట్లవరుస, పాదం చెంత కవయిత్రి మహ్‌లఖాబాయి చందా 1792లో తల్లి కోసం కట్టించిన సమాధి. ఆమె కూడా అక్కడే శాశ్వతనిద్ర పొందింది. కొంత దూరాన రైలుపట్టాలు, లోకో షెడ్డు. ఇన్ని ఉండగా పిల్లవాడు ఎన్నడూ చూడని ఏటినే గీస్తున్నాడు. తప్పు వానిది కాదు. నల్లబల్ల మీది బొమ్మకు నకలు దించినవారికే మార్కులు వేసే పద్ధతిది.

నకలు నుండి బయటపడడం గొప్ప చిత్రకారులకు సైతం సులభసాధ్యం కాలేదు. తోట వైకుంఠం 1942లో కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో జన్మించారు. హైదరాబాదులో చిత్రకళ అభ్యసించి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద శిక్షణ పొందారు. ఆయనకు పేరు తెచ్చినవి మాత్రం చిన్ననాడు ఊరిలో చూసిన రూపాలే: నల్లని మేనిఛాయ, నుదుట పెద్ద కుంకుమబొట్టు, ముదురురంగు చీరలతో నిండుగా కనిపించే తెలంగాణ స్త్రీలు. నాటకాలలో స్త్రీవేషం కట్టిన పురుషుల అలంకరణ కూడా ఆయన జ్ఞాపకాలలో నిలిచింది. ఆ బొట్టు అంత పెద్దదిగా ఉంటుందా అని అడిగేవారు ఒక సంగతి మరచిపోతారు. పసివాని కంటికి అది అంతే ఉంటుంది. జ్ఞాపకం కొలబద్ద పట్టుకొని రాదు.

1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో జన్మించిన కె. లక్ష్మా గౌడ్ దారి వేరు. ఆయన రేఖాచిత్రాలలో మేకలు, చెట్లు, మొరటు దేహాల గ్రామీణులు కనిపిస్తారు. అందులో సుకుమారత వెదకరాదు. క్యాలెండరు పల్లెలో దుమ్ము ఉండదు, దాహమూ ఉండదు. ఈయన పల్లెలో రెండూ ఉన్నట్లే తోస్తుంది. బాల్యమంతా తీపి అనుకొని గీసిన బొమ్మలు మిఠాయి పెట్టె మూతకు చక్కగా సరిపోతాయి.

ఇద్దరూ పల్లెబిడ్డలే కనుక నగరబాల్యానికి ఇంతటి సంపద లేదని కొందరి వాదన. ఇది అంగీకరించదగినది కాదు. నాగలి చిత్రానికి తగినదైతే రైలింజను ఎందుకు తగదు? రజబు మాసపు ఉత్సవాలనాటి జనసమ్మర్దం, రైల్వే క్వార్టర్ల ముందు ఆరవేసిన బట్టలు, అర్ధరాత్రి వినవచ్చే ఇంజను కూత - ఇవి ఏ పల్లెకూ లేని ఆస్తి. ఫోటో తీస్తే సరిపోదా అన్న ప్రశ్న కూడా ఉంది. ఫోటోలో గుట్ట ఎత్తు తెలుస్తుంది. ఏ మెట్టు వద్ద ఆయాసపడి కూర్చున్నదీ, ఏ బండ అరికాలిని కాల్చినదీ ఎక్కినవానికే తెలుసు.

చుట్టూ మేడలు లేచేకొద్దీ గుట్ట పూర్తిగా కనబడే తావులు తగ్గుతాయి. నేడు అక్కడ చదువుకొనే విద్యార్థికి ఇంకా కొన్ని కిటికీలు మిగిలి ఉన్నాయి. ఒక పెన్సిలు, తెల్లకాగితం ఉంటే చాలు.