పీటీ పీరియడ్‌ను పిల్లలకే వదిలేయండి

పరీక్షలు దగ్గరపడగానే మన బడుల్లో మొదట మాయమయ్యేది పీటీ పీరియడ్. అది లెక్కలకో, సైన్సుకో పోతుంది. నిర్బంధ తమిళ చట్టం వచ్చాక తమిళానికీ పోతోంది. అడిగితే సౌకార్‌పేటలో జవాబు సిద్ధంగా ఉంటుంది: 'మనకు మైదానం ఎక్కడుందండీ?' నిజమే. మింట్ స్ట్రీట్‌లో తోపుడు బండ్లను, సరుకుల మూటలను తప్పించుకుని నడవడమే కష్టం. ఇక పరుగెత్తేదెక్కడ? కానీ ఆ జవాబుతో సరిపెట్టుకుంటే మనం ఏం పోగొట్టుకుంటామో తెలియాలంటే విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి ప్రయాణాన్ని చూడాలి.

జ్యోతి 1999లో పుట్టింది. తండ్రి సూర్యనారాయణ సెక్యూరిటీ గార్డు. తల్లి కుమారి ఇళ్లలో పనిచేస్తూ, ఆసుపత్రిలో శుభ్రం చేసే పనికీ వెళ్లేవారు. మన బడులకు వచ్చే చాలామంది పిల్లల ఇళ్లలో పరిస్థితి ఇంతకంటే భిన్నంగా ఏమీ లేదు. ఆమె విశాఖలోని పోర్టు హైస్కూల్లో చదువుకుంటున్నప్పుడు అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పొడవు చూసి, హర్డిల్స్‌కు పనికొస్తుందని గుర్తించారు.

మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో పది అడ్డంకులు ఉంటాయి. ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. రెండింటి మధ్య 8.5 మీటర్ల దూరాన్ని మూడే అంగల్లో దాటాలి. పొడుగు కాళ్లున్న పిల్లకు అది కలిసొస్తుంది. మన ఇళ్లలో ఆడపిల్ల పొడుగ్గా ఎదుగుతుంటే సంబంధాలు ఎలా కుదురుతాయోనని బెంగపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పొడవునే ఒక ఉపాధ్యాయుడు బలంగా చూశారు. అలా చూడాలంటే ఆయనకు పిల్లలు కళ్లెదుట పరుగెత్తే ఒక పీరియడ్ ఉండాలి కదా!

బడి దాటాక జ్యోతి హైదరాబాద్‌లో ద్రోణాచార్య పురస్కార గ్రహీత నాగపురి రమేశ్ దగ్గర, ఆ తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ దగ్గర శిక్షణ పొందింది. దారి సాఫీగా సాగలేదు. 2002లో అనురాధా బిస్వాల్ నెలకొల్పిన 13.38 సెకన్ల జాతీయ రికార్డును జ్యోతి 2020లోనే దాటింది. మూడబిద్రిలో జరిగిన విశ్వవిద్యాలయాల పోటీల్లో 13.03 సెకన్లలో పరుగు ముగించింది. కానీ అక్కడ డోపింగ్ పరీక్ష జరగలేదని, సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరని ఆ రికార్డును గుర్తించలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 సెకన్లలో పరుగెత్తితే గాలి అడ్డుపడింది. వెనుక నుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటకూడదు. ఆ రోజు 2.1 ఉంది. మళ్లీ లెక్కలోకి రాలేదు.

మరుసటి నెలలోనే సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లతో జాతీయ రికార్డు ఆమె పేరున నమోదైంది. గుర్తింపు దక్కని రెండు పరుగులూ దీనికంటే వేగమైనవే! అదే ఏడాది అక్టోబరులో బెంగళూరులో 12.82 సెకన్లతో, 13 సెకన్లలోపు అధికారిక రికార్డు సాధించిన తొలి భారత మహిళా హర్డిలర్ అయింది. 2023లో బ్యాంకాక్ ఆసియా చాంపియన్‌షిప్‌లో స్వర్ణం గెలిచింది.

అదే ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జరిగింది మన ఆడపిల్లలకు తప్పక చెప్పాలి. ఫైనల్లో చైనా క్రీడాకారిణి వూ యన్ని తుపాకీ పేలకముందే కదిలింది. పక్కనే ఉన్న జ్యోతిని కూడా అనర్హురాలిగా ప్రకటించారు. జ్యోతి తలవంచుకుని వెళ్లిపోలేదు. ట్రాక్ మీదే అధికారులను నిలదీసింది. చివరకు ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. జ్యోతి మూడో స్థానంలో వచ్చింది. తర్వాత వూ యన్నిని అనర్హురాలిగా తేల్చడంతో 12.91 సెకన్ల పరుగుకు రజతం దక్కింది. 'ఆడపిల్లవు, గట్టిగా మాట్లాడకు' అని మనం నేర్పుతున్న పాఠాన్ని ఆమె ఆ రోజు పాటించి ఉంటే పతకం వచ్చేదా?

అన్నీ గెలుపులే అనడం పిల్లలకు అబద్ధం చెప్పడమే. పారిస్ ఒలింపిక్స్ అర్హత సమయం 12.77 సెకన్లు. జ్యోతి అత్యుత్తమ సమయం 12.78. సెకనులో నూరో వంతు తక్కువైంది. ర్యాంకింగ్ ద్వారా అర్హత పొంది, ఆ పోటీలో ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి భారత మహిళగా నిలిచినా హీట్స్‌లో ఏడో స్థానమే దక్కింది. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో 12.96 సెకన్లతో మళ్లీ ఆసియా స్వర్ణం గెలిచింది. కొద్ది వారాలకే మోకాలి గాయం, శస్త్రచికిత్స. ఈ దారిలో కష్టం ఉందని తల్లిదండ్రులకు తెలియాల్సిందే.

'మా పిల్ల జ్యోతి అవుతుందా?' అని అడిగితే, చాలామంది కారు. లెక్కలు చదివిన వాళ్లందరూ రామానుజన్‌లు కానట్టే. అందుకని లెక్కలు మానేయడం లేదు కదా! ఎవరిలో ఏముందో చూడకుండానే తలుపు మూసేయడం మాత్రం అన్యాయం. అందులోనూ ఆడపిల్లలకు ఏడు, ఎనిమిది తరగతులకు వచ్చేసరికి ఆ తలుపు ఇంట్లోనూ మూసుకుపోతోంది.

మనం చేయగలిగింది పెద్ద ఖర్చు పని కాదు. పీటీ పీరియడ్‌ను ఇంకో సబ్జెక్టుకు ఇవ్వకూడదు. ఏడాదికి రెండుసార్లు ప్రతి పిల్ల పరుగును స్టాప్‌వాచ్‌తో కొలిచి నోటు పుస్తకంలో రాయాలి. మనకు మైదానం లేకపోయినా పెరియమేడులోని నెహ్రూ స్టేడియం దూరమేమీ కాదు. అనుమతి తీసుకుని, ఆడపిల్లల వెంట ఒక టీచరమ్మను పంపితే తల్లులు కాదనరు. జోనల్ పోటీలకు, ముఖ్యమంత్రి ట్రోఫీకి మన బడి పేరుతో దరఖాస్తు చేయాలి. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 3 శాతం కోటా ఉందని తల్లిదండ్రుల సమావేశంలో చెప్పాలి.

మన బడుల్లో పిల్లలు తగ్గిపోతున్నారని ఏటా బాధపడుతున్నాం. ఉన్న పిల్లల్ని పూర్తిగా చూస్తున్నామా? జ్యోతి పరుగులు రెండుసార్లు లెక్కలోకి రాలేదు. అయినా అవి ఎక్కడో ఒకచోట నమోదయ్యాయి. మన పిల్లల పరుగుల్ని ఎవరూ కొలవనే లేదు.