చివరి అరగంటకు ఎవరు?



మన ఊళ్లలో సాయంకాలమైతే క్రికెట్టో వాలీబాలో గాని ఫుట్‌బాల్ ఆడేవారు తక్కువ. అయినా మన యౌవనస్థులు ఫోన్లలో తెగ చూస్తున్నారు. మొన్న ఒక తమ్ముడు మమ్మల్ని అడిగాడు: "అయ్యగారూ, ఇన్ని కోట్ల మందిలో గోల్ కొట్టేవాడు ఒక్కడు దొరకడా?" నవ్వుతూనే అడిగాడు గాని, ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు.

ముందుగా మన హైదరాబాదు మనిషిని జ్ఞాపకం చేసుకుందాం. సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడి పంతులుగా పనిచేసి భారత జట్టుకు కోచ్ అయ్యారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన జట్టులోని జర్నైల్ సింగ్ అనే డిఫెండర్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మనమైతే ఏం చేస్తాం? పాపం, పడుకోబెడతాం. రహీం గారు అతణ్ణి తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు! సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2, ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. రెండింటిలోనూ జర్నైల్ సింగ్ గోల్ కొట్టాడు, బంగారు పతకం వచ్చింది. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం గారు మరుసటి ఏడే కన్నుమూశారు. గమనించండి, ఆయన చూసింది ఆటగాడి పేరు పక్కన రాసి ఉన్న స్థానాన్ని కాదు, ఆ రోజు ఆ పని ఎవడు చేయగలడని.

ఇప్పటి సంగతికి వద్దాం. సునీల్ ఛేత్రి 2024 జూన్‌లో వీడ్కోలు చెప్పాడు. తొమ్మిది నెలలకే, 2025 మార్చిలో, నలభై ఏళ్ల వయసులో మళ్లీ పిలిపించారు. మాల్దీవుల మీద గోల్ కూడా కొట్టాడు. కొందరు దీన్ని సిగ్గుచేటన్నారు. మాకు పిలవడంలో తప్పు కనబడలేదు. ఆ ఏడు ఐఎస్ఎల్‌లో 14 గోల్స్ కొట్టినవాణ్ణి వయసు చూసి ఎలా పక్కన పెడతాం? మా అభ్యంతరమల్లా మొదటి నిమిషం నుంచే ఆడించడం మీద. వారం తిరక్కుండానే బంగ్లాదేశ్ మీద అలాగే ఆడించారు. 0-0తో సరిపెట్టుకున్నాం.

1990 ప్రపంచ కప్పులో కామెరూన్ ఏం చేసిందో చూడండి. రోజర్ మిల్లాకు 38 ఏళ్లు. ఆ టోర్నీలో అతను కొట్టిన నాలుగు గోల్స్ కూడా బెంచి మీద నుంచి లేచి వచ్చి కొట్టినవే. అవతలి డిఫెండర్ల కాళ్లు బరువెక్కాక తాజా కాళ్లతో ఒకడు వస్తే ఆ పది గజాల పరుగే చాలు. ఇంగ్లండ్‌తో క్వార్టర్ ఫైనల్లో మిల్లా బంతి అందిస్తే గోల్ కొట్టిన ఎకెకె కూడా సబ్‌స్టిట్యూటే. ఆ రోజుల్లో ఇద్దరినే మార్చే వీలుండేది, ఇప్పుడు ఐదుగురిని మార్చవచ్చు. అలాంటప్పుడు బెంచి మిగిలినవాళ్లను కూర్చోబెట్టే చోటు ఎలా అవుతుంది? ఆ చివరి అరగంటకు ఎవరన్నది ముందే ఎంచుకోవాలి, సాధన కూడా దానికి తగ్గట్టు చేయించాలి.

అసలు నొప్పి వేరే చోట ఉంది ప్రియులారా. 2014లో ఐఎస్ఎల్ మొదలైనప్పటి నుంచి 2024-25 వరకు అత్యధిక గోల్స్ బహుమతి ఒక్క ఏడూ భారతీయుడికి రాలేదు. క్లబ్బులు ముందు వరుసలో విదేశీయులను నిలబెడతాయి. వాళ్లకు గెలుపు కావాలి, వాళ్లను తప్పుపట్టలేం. కానీ మన కుర్రవాడు ఏడాదంతా పక్కన వింగ్‌లో పరుగెత్తి, దేశం పిలవగానే గోల్ ముందు నిలబడాలంటే కాళ్లు తడబడవా? అరక పట్టనివ్వకుండా పెంచిన కొడుకును దుక్కి రోజున చాలు వంకర పోయిందని తిట్టినట్టుంటుంది.

ఇదంతా ఆ తమ్ముడికి చెప్పాం. ఛేత్రిని మొదటి నుంచీ ఆడించాల్సిందే అంటాడు, ఆఖరున దింపితే బంతి తగిలేలోపే విజిల్ ఊదేస్తారట. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటాం.