వానలకు ముందే మెగ్గర్ పంపండి

విద్యుత్ పంపిణీ సంస్థ డివిజనల్ ఇంజినీరు గారికి,

మా ఊళ్లో బోరు మోటారుకు టెస్టర్ పెట్టి చూడటం తప్ప వేరే పరీక్ష లేదు. అందులో దీపం వెలిగేసరికే కరెంటు బాడీకి వచ్చేసి ఉంటుంది. ప్రతి సెక్షన్ ఆఫీసుకూ 500 వోల్టుల మెగ్గర్ ఒకటి ఇచ్చి, తొలకరికి ముందే మోటార్లన్నీ చూపించండి.

మీటరు ఇస్తే సరిపోదు, వాడటమూ దగ్గరుండి నేర్పించాలి. ఇక్కడ అందరివీ ఆటో స్టార్టర్లే. కరెంటు పోయిందనుకుని చెయ్యి పెడితే, రాగానే మోటారు తనంతట తనే లేస్తుంది. మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, మూడు ఫేజుల్లోనూ సప్లై లేదని చూసుకుని, కేబుల్‌ను స్టార్టర్ నుంచి ఊడదీశాకే మెగ్గర్ తగిలించాలి. ఒక క్లిప్పు కేబుల్ కొసకు, రెండోది ఎర్తుకు. ఒక మెగోమ్ కన్నా తక్కువ చూపిస్తే ఆ మోటారు వేయనివ్వకండి. పరీక్షయ్యాక కూడా తీగలో చార్జి మిగిలే ఉంటుంది, ఎర్తుకు తాకించి వదిలించాలి. చెయ్యి తిరిగిన ఎలక్ట్రీషియన్లు కూడా దీన్ని పట్టించుకోరు.

మే నెలాఖరులోగా ఏర్పాటు చేయగలరని కోరుతూ,
ఒక రైతు