సర్టిఫికెట్ సరే, షరతుల మాటేమిటి?

విండోస్ 2000కు 2002 అక్టోబరులో కామన్ క్రైటీరియా అనే అంతర్జాతీయ భద్రతా మదింపు ప్రమాణం కింద ఈఏఎల్-4 ధ్రువీకరణ దక్కింది. ఏడాది తిరగకముందే, 2003 ఆగస్టులో, బ్లాస్టర్ వార్మ్ అదే విండోస్ 2000తో పాటు ఎక్స్‌పీ కంప్యూటర్లనూ లక్షల సంఖ్యలో కుదేలు చేసింది. మదింపు చేసినవారు కళ్లు మూసుకోలేదు. చూడమన్న మేరకు చూశారు. ప్రాతిపదికగా తీసుకున్న పత్రం తన పరిధిని దాచనూ లేదు: వాడేవారికి దురుద్దేశం ఉండదనుకుని, పొరపాటునో యథాలాపంగానో జరిగే చొరబాట్ల నుంచి మాత్రమే రక్షణ కోరింది. ఇంటర్నెట్‌లో ఉన్న కంప్యూటర్‌కు ఈ ఊహ ఏ మూలకు? అంతకుముందు 1995లో, అమెరికా రక్షణ శాఖ ‘ఆరెంజ్ బుక్’ ప్రకారం విండోస్ ఎన్‌టీ 3.5కు దక్కిన సీ2 స్థాయి మరీ విడ్డూరం. నెట్‌వర్క్ తగిలించని కంప్యూటర్‌కే అది చెల్లుబాటు! ప్రకటనల్లోకి స్థాయి ఎక్కుతుంది, షరతు ఎక్కదు.

ఒకటి నుంచి ఏడు వరకు ఉండే ఈఏఎల్ అంకె చెప్పేది పరిశీలన ఎంత లోతుగా సాగిందనే గాని, సిస్టమ్ ఎంత గట్టిదని కాదు. బ్లాస్టర్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ జులైలోనే ప్యాచ్ ఇచ్చింది కదా, వేసుకోనివారిదే తప్పు కదా అని వాదించవచ్చు. నిజమే. కానీ ధ్రువీకరణ ఒక నిర్దిష్ట వెర్షన్‌కు, నిర్దిష్ట అమరికకు ఇచ్చేది. ప్యాచ్ వేస్తే మదింపైన సిస్టమ్ కాకుండా పోతుంది. వేయకపోతే తలుపు తెరిచి పెట్టినట్టే. కొనేవారికి ఈ చిక్కు ఎవరు చెబుతున్నారు?

అలాగని మదింపులే దండగ అనలేం. ఆస్ట్రేలియాలో 2009లో సుమారు 8,700 వరుసల సీ కోడ్ ఉన్న ఎస్ఈఎల్4 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్, తన నిర్దేశాలకు కట్టుబడి ఉందని గణితపరంగా నిరూపించారు. కంపైలర్‌నూ హార్డ్‌వేర్‌నూ నమ్మామని బాహాటంగానే రాశారు. కోట్ల వరుసల సిస్టమ్‌లకు అలాంటి నిరూపణ సాధ్యమా అంటే, కాదు. మనం అడుగుతున్నదీ నిరూపణ కాదు, ఆ నిజాయితీ. 2013 నుంచి భారత్ కూడా అంతర్జాతీయంగా చెల్లే కామన్ క్రైటీరియా సర్టిఫికెట్లు జారీ చేస్తోంది. కనుక ప్రభుత్వ టెండర్లలో స్థాయి అంకె అడిగి ఊరుకోవడం ఇక చెల్లదు. ఏ వెర్షన్‌ను, ఏ ముప్పులకు, ఏ ఊహలపై పరీక్షించారో రాతపూర్వకంగా ఇవ్వని కంపెనీ బిడ్‌ను పక్కన పెట్టాలి. ప్యాచ్‌ల తర్వాత పునఃపరిశీలన ఖర్చు ఎవరిదో కూడా ఒప్పందంలోనే తేల్చాలి.