తుఫాను వెలిసిన తరువాత నేల ఎవరిది?

కరిబ్బియను సముద్రపు తూర్పు అంచున బార్బుడా అను చిన్న ద్వీపమున్నది. వైశాల్యము సుమారు 160 చదరపు కిలోమీటర్లు, జనాభా రెండు వేలకు లోపు. దక్షిణముననున్న ఆంటిగ్వాతో కలిసి ఇది ఒకే రాజ్యము. నేల చదునైన సున్నపురాయి. ఉప్పెన వచ్చిననాడు ఎక్కి తలదాచుకొనుటకు చెప్పుకోదగిన కొండ లేదు.

2017 సెప్టెంబరు 6వ తేదీ తెల్లవారకముందే ఇర్మా అను పెనుతుఫాను ఈ ద్వీపము మీదుగా సాగిపోయినది. గాలి వేగము గంటకు 280 కిలోమీటర్లు మించినది. మన తీరమున తుఫాను నేలకెక్కిన కొలది బలము తగ్గును. లోపలి జిల్లాలనుండి బియ్యము, బట్ట, వైద్యులు వత్తురు. చిన్న ద్వీపమునకు లోపలి జిల్లా అనునదే లేదు. తుఫాను కన్ను నెత్తిమీదికి వచ్చినపుడు గాలి కొంతసేపు ఆగును. కూలిన ఇంటినుండి నిలిచిన ఇంటికి పరుగెత్తుటకు ఆ విరామమొక్కటే అదను. పిదప గాలి ఎదురు దిక్కునుండి విజృంభించును.

తెల్లవారునప్పటికి పదింట తొమ్మిది కట్టడములు దెబ్బతిన్నవి. ఒక పసివాడు మరణించినాడు. ఇంతలో హోసే అను మరొక తుఫాను సమీపించుచుండగా ప్రభుత్వము జనమునంతటిని ఆంటిగ్వాకు తరలించినది. హోసే పక్కకు తొలగిపోయినది. కాని ద్వీపము కొన్ని వారములపాటు నిర్మానుష్యముగానే ఉండిపోయినది.

అసలు చిక్కు ఇక్కడ మొదలైనది. ఒకప్పుడు కాడ్రింగ్టన్ కుటుంబము బానిసల చాకిరీతో నడిపిన ద్వీపమిది. 1834లో దాస్యవిమోచనము కలిగిన తరువాత ఆ బానిసల సంతతివారు ఈ నేలను ఉమ్మడిగా అనుభవించుచు వచ్చినారు. 2007 నాటి చట్టము ఆ ఆచారమునకు శాసనరూపమిచ్చినది. 2018లో ప్రభుత్వము ఆ చట్టమును రద్దు చేసినది.

ప్రభుత్వ వాదము తోసివేయదగినది కాదు. పట్టా లేనివానికి బ్యాంకు అప్పివ్వదు, అప్పు లేనిదే ఇల్లు లేవదు. కనుక ఒక్క డాలరు నామమాత్రపు ధరకు పట్టా ఇచ్చెదమన్నది. ద్వీపవాసుల భయము వేరు. పట్టా తాకట్టుకు పోవును, తాకట్టు వేలమునకు పోవును, చివరకు సముద్రతీరము ధనికుల విహారగృహములకు చేరును. జనములో అధికభాగము తిరిగి రాకముందే క్రొత్త విమానాశ్రయమునకై చెట్లు నరకుట ఆ భయమునకు బలమిచ్చినది.

లండనులోని ప్రీవీ కౌన్సిలు 2022లో రద్దు రాజ్యాంగవిరుద్ధము కాదన్నది. విమానాశ్రయపు అనుమతిని న్యాయస్థానమున ప్రశ్నించు అర్హత ద్వీపవాసులకు కలదని 2024లో అదే కౌన్సిలు తేల్చినది.

న్యాయస్థానము చట్టమును చూచును. ధర్మము కాలమును కూడ చూడవలెను. ఉమ్మడి హక్కు మేలా, పట్టా మేలా అన్నది ఆ ప్రజలే నిర్ణయించుకొనవలసిన ప్రశ్న. అందుకు వ్యవధి కావలెను, సొంత ఊరిలో సభ తీరి మాట్లాడుకొను వీలు కావలెను. ఇల్లు కూలినవాడు పరాయిచోట తలదాచుకొనియుండగా అతని కాలిక్రింది నేలను గూర్చి శాసనము మార్చుట ఉచితము కాదు.

సముద్రములు వేడెక్కిన కొలది మహోగ్రమైన తుఫానుల పాలు పెరుగునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. చిన్న ద్వీపములకు ముందస్తు హెచ్చరికయు, గట్టి కప్పును ఎంత అవసరమో, జనము తిరిగివచ్చి స్థిరపడువరకు భూమి హక్కులను కదలించరాదన్న నియమమును అంతే అవసరము.