తెర తొలగిన పిదప

హైదరాబాదు పాతనగరమున చార్మినారు చెంత ఉదయవేళ నిలిచి చూచినచో కనబడు దృశ్యము మిక్కిలి సామాన్యమైనది. పుస్తకముల సంచులు తగిలించుకొని బాలికలు బడికి పోవుచుందురు. ఉద్యోగినులు బస్సుకొఱకు వేచియుందురు. లాడ్‌బజారులో స్త్రీలు గాజులు బేరమాడుచుందురు. ఇందు వింతయేమున్నదని నేటి బాలబాలికలు అడుగవచ్చును. కాని ఈ సామాన్య దృశ్యము ఊరక లభించినది కాదు. దీని వెనుక నూఱేండ్లకు మించిన ప్రయత్నము కలదు.

పూర్వము ఈ నగరమందలి సంపన్న గృహములు రెండు భాగములుగా నుండెడివి. పురుషులు అతిథులతో కూర్చుండు భాగము మర్దానా. స్త్రీలు నివసించు లోపలి భాగము జనానా. ఆ యిండ్ల స్త్రీలు వెలుపలికి రావలసినచో తెరలు కట్టిన పల్లకియో బండియో కావలసియుండెను. ఈ యాచారమునకు ఘోషా యని పేరు. ఇది ఒక్క మతమువారికే పరిమితమైనది కాదు. ముస్లిం కుటుంబములతోపాటు హిందూ ప్రభుకుటుంబములు పెక్కులు దీనిని పాటించెడివి. పేదయింటి స్త్రీకి ఈ తెర లేదు. ఆమె నీరు మోయవలెను, కూలికి పోవలెను. అయినను బడి వాకిలి ఆమెకును మూసియే యుండెను. ఒకతెకు గడప అడ్డము. మఱియొకతెకు పేదఱికము అడ్డము.

ఘోషా స్త్రీకి రక్ష యనియు, ఇంటికి గౌరవ మనియు పెద్దలు చెప్పెడివారు. వారి మాటలో ప్రేమ లేదనరాదు. కాని ఆ రక్షణకు చెల్లించిన మూల్యమెంత? రోగము గడపను చూచి ఆగదు. ప్రసవవేదన తెరను చూచి తగ్గదు. పరపురుషుని కంటబడరాదను నియమమువలన వైద్యునకు నాడి చూపుటకును పలువురు స్త్రీలు జంకెడివారు. స్త్రీని కాపాడుటకై నిలిపిన గోడ, ఆమెకు ఆపద వచ్చినపుడు వైద్యునే వెలుపల నిలిపెను.

ఈ చిక్కును విప్పినది స్త్రీవిద్యయే. 1885లో హైదరాబాదు వైద్యపాఠశాలలో స్త్రీలకు ప్రవేశము లభించెను. అట్లు చేరినవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ యను పార్శీ వనిత యొకతె. ఆమె 1889లో చదువు ముగించి, శస్త్రచికిత్సా సమయమున రోగికి క్లోరోఫారమను మత్తుమందు నిచ్చుటలో నేర్పరియయ్యెను. ప్రపంచమున ఈ వృత్తి చేపట్టిన తొలి మహిళలలో ఆమె యొకతెగా పరిగణింపబడుచున్నది. 1909లో ఉన్నతవిద్యకై ఆమె ఎడింబరో నగరమునకు పోయెను. 1906లో మూసీనది యొడ్డున స్త్రీలకొఱకు విక్టోరియా జనానా ఆసుపత్రికి పునాది పడెను. రూపాబాయి అచటను సేవచేసెను. స్త్రీకి చదువేల యని యడిగిన ఇంటికి సైతము ఆపదవేళ చదివిన స్త్రీయే దిక్కయ్యెను.

క్రమముగా ఉన్నతవిద్యయు స్త్రీలకు దక్కెను. 1924లో ప్రారంభమైన మహిళా కళాశాల 1949లో కోఠీలోని పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ భవనమునకు మారెను. తెల్లదొర ప్రతినిధి కొలువుదీరిన సౌధమున బాలికలు పాఠములు చదివిరి. నేడది మహిళా విశ్వవిద్యాలయము. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము స్త్రీపురుషులకు సమానమగు ఓటుహక్కు నొసగెను. 1952 ఎన్నికలలో పాతనగరమందలి శాలిబండనుండి మాసూమా బేగము శాసనసభకు ఎన్నికయయ్యెను. 1957లో పత్తర్‌గట్టి ప్రజలు ఆమెను మరల ఎన్నుకొనిరి. 1960లో ఆమె ఆంధ్రప్రదేశ్ మంత్రిపదవి నలంకరించెను. జనానాలకు పేరుపడిన వీథులే ఒక స్త్రీని పాలకురాలిగా పంపినవి.

అయినచో సమానత్వము సిద్ధించినదా? వీథిలో చూచినచో చాలవఱకు సిద్ధించినట్లే తోచును. ఇంటిలో చూచినచో సందేహము కలుగును. 2024లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపనులు చేయువారిలో స్త్రీలు దినమునకు 289 నిమిషములు ఆ పనులకు వెచ్చించుచుండగా పురుషులు 88 నిమిషములే వెచ్చించుచున్నారని తేలెను. అనగా ఒకరికి దాదాపు ఐదు గంటలు, మఱియొకరికి గంటన్నర. గడప దాటుటకు స్త్రీకి అనుమతి లభించినది. గడపలోపలి బరువు మాత్రము తగ్గలేదు.

కొందఱు స్త్రీ ధరించు దుస్తులను చూచి ఆమె స్వేచ్ఛను కొలువబోవుదురు. అది సరియైన కొలత కాదు. బురఖా ధరించి కళాశాలకు పోవు యువతియు, ధరింపక పోవు యువతియు ఆ పాతనగరముననే కలరు. ఏమి ధరింపవలెను, ఏమి చదువవలెను, ఎప్పుడు వివాహమాడవలెను అను ప్రశ్నలకు ఆమె తానై సమాధానము చెప్పగలుగుచున్నదా యనునదే నిజమైన కొలత. ఇతరులు బలవంతముగా కప్పిన తెరయు, బలవంతముగా తొలగించిన తెరయు ఆమె యిష్టమును మన్నించినవి కావు.

సాయంకాలము అన్నయు చెల్లెలును ఒకే బడినుండి ఒకే దారిని ఇల్లు చేరుదురు. ఇద్దఱికిని ఆకలియే, ఇద్దఱికిని అలసటయే. ఆమె చేతికి చీపురును, అతని చేతికి బంతియు వచ్చినచో, ఆ యింట కనబడని తెర యొకటి ఇంకను వ్రేలాడుచున్నట్లే. దానిని తొలగించుటకు చట్టము రానక్కఱలేదు, ఆసుపత్రియు కట్టనక్కఱలేదు. తాను తిన్న కంచము తాను కడిగి, చెల్లెలి పనిలో సగము పంచుకొను బాలుడు చాలును. రూపాబాయి తరమువారు వీథి తలుపు తెఱచిరి. ఇంటిలోని తెరను తొలగించు భారము నేటి బాలబాలికలది.